వానపాముల తొట్టా, ఎండాకుల డ్రమ్మా: వంటింటి చెత్తకి ఏది మేలు?

మిద్దెతోట పెట్టుకున్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. కూరగాయల తొక్కలూ తొడిమలూ వానపాములకి వెయ్యాలా, లేక చిల్లులు పెట్టిన డ్రమ్ములో ఎండాకులతో కలిపి మగ్గబెట్టాలా? రెండూ ఎలా చెయ్యాలో అడిగేవాళ్ళకి తెలుసు. తమ ఇంటికి ఏది నప్పుతుందో తేలకే అడుగుతారు.

ఈ పోలికలో చాలామంది వాసన, శ్రమ, ఎన్నాళ్ళు పడుతుంది అనేవాటి దగ్గరే ఆగిపోతారు. పద్ధతిగా చేస్తే రెండింటికీ దుర్వాసన ఉండదు. రోజువారీ పని రెండింటికీ కొద్ది నిమిషాలే. ఇంచుమించు మూడు నెలలకి రెండూ ఎరువు చేతికిస్తాయి. నా లెక్కలో అసలు తేడా వేడి దగ్గరుంది.

డ్రమ్ములో పని చేసేవి సూక్ష్మజీవులు. అవి చెత్తని తింటూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడిని ఇష్టపడే మరో రకం జీవులు పుంజుకుని పనిని ఇంకా ముందుకు తోస్తాయి. మనిషి నడుమెత్తు కుప్ప పోస్తే లోపల 55, 60 డిగ్రీలు కూడా దాటుతుంది. ఇంటి డ్రమ్ములో అంత రాదు కానీ, చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే పని జరుగుతున్నట్టే. వానపాముల తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడు ఆ వెచ్చదనమే తగిలితే మాత్రం ప్రమాదం దగ్గర పడిందని అర్థం. అవే తొక్కలు, అవే ఆకులు. ఒకచోట కావలసిన వేడి, రెండోచోట ప్రాణం తీస్తుంది.

ఎక్కువగా అమ్మే ఎర్ర వానపాము ఐసీనియా ఫెటిడా. దానికి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. తొట్టిలోపల 35 దాటితే చచ్చిపోతుంది, దారి దొరికితే ముందే పాకిపోతుంది. దాన్ని ఇళ్ళలో పెంచే పద్ధతి మొదట బాగా వ్యాపించింది చలిదేశాల్లో, ఇంటి కింద బేస్‌మెంట్లో పెట్టుకునేవాళ్ళ దగ్గర. మనం చూసే వీడియోల్లో సగం అక్కడివే. న్యూజెర్సీలో ఉన్న మన బంధువులు "చాలా సులువు" అంటే వాళ్ళ మటుకు అది నిజమే. వాళ్ళ బెంగంతా జనవరి గడ్డకట్టు చలి గురించి. రామగుండంలోనో రెంటచింతలలోనో డాబా మీద తొట్టి పెట్టేవాళ్ళ బెంగ వేరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు.

గ్రీన్ షేడ్ నెట్ కడితే చాలదా అని అడుగుతారు. నెట్ ఎండని ఆపుతుంది కానీ, పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా కింది నుంచి వేడి వదులుతూనే ఉంటుంది. అందుకని తొట్టిని ఇటుకల మీదో చెక్కబల్ల మీదో పెట్టి, కింద గాలి ఆడనివ్వాలి. పైన తడి గోనెపట్టా కప్పాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. తడి గోనె చల్లబరిచేది నీరు ఆవిరవడం వల్ల. తెలంగాణ పొడి వేడిలో, రాయలసీమలో నీరు గబగబా ఆవిరవుతుంది కాబట్టి తొట్టి బాగా చల్లబడుతుంది. రోజుకి రెండుమూడుసార్లు తడపాలి, అంతే. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో గాలిలోనే తేమ నిండి ఉంటుంది, గోనె తడిగానే ఉంటుంది కానీ తొట్టి చల్లబడదు. అందువల్ల థర్మామీటర్ చూపే అంకె కాస్త తక్కువైనా, విశాఖ డాబా మీది వానపాములకి హైదరాబాద్ డాబా కంటే భద్రత ఎక్కువని అనుకోవద్దు.

పరీక్ష తేలికే. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి, తొట్టి పెట్టాలనుకున్న చోట చెప్పుల్లేకుండా నిలబడండి. పాదాలకి ఇబ్బంది లేకపోతే వానపాములు తెచ్చుకోండి. మెట్ల కింద, ఉత్తరం వైపు వరండా, పెరట్లో చెట్టు నీడ, ఎండ పడని బాల్కనీ ఇందుకు పనికొస్తాయి. నిలబడలేకపోతే మారుమాట లేకుండా డ్రమ్మే.

బయటి వేడిని తప్పించినా లోపలి వేడి ఒకటుంటుంది. పచ్చిపేడ వేసినా, పండగనాటి తొక్కలన్నీ ఒకేసారి కుమ్మరించినా నీడలో ఉన్న తొట్టి కూడా కాగుతుంది. పేడని రెండుమూడు వారాలు మాగనిచ్చి వాడాలి. తొక్కలు ఒక మూలన పలుచగా పరిచి, అవి తిన్నాకే పక్కన వెయ్యాలి. కిలో వానపాములు నిలదొక్కుకున్నాక రోజుకి అరకిలో తింటాయని లెక్క వేసుకోవచ్చు.

మన వంటింటి సంగతి చూస్తే డ్రమ్ముకే మొగ్గు. చింతపండు పిప్పి, నిమ్మచెక్కలు, గోంగూర కాడలు, మిగిలిన పులిహోర, ఉప్పూకారం నూనె ఉన్న కూర: పులుపూ ఉప్పూ వానపాముల చర్మానికి పడవు. తొట్టిలో సన్నటి తెల్లటి పురుగులు విపరీతంగా పెరిగితే పులుపు ఎక్కువైందన్నమాట; గుడ్డుపెంకుల పొడి చల్లి, కొన్నాళ్ళు మేత తగ్గించాలి. డ్రమ్ము ఇవన్నీ కొద్దికొద్దిగా భరిస్తుంది, ఎండాకులు దండిగా ఉంటే. చెత్త ఒక గిన్నెడైతే ఆకులు రెండు గిన్నెలు. వేప, కానుగ ఆకులు రాలే రోజుల్లో వీధిలో కుప్పపోసి తగలబెడుతుంటారు. అవి తెచ్చుకుని సంచుల్లో దాచుకున్న ఇంట్లో వానాకాలం కూడా డ్రమ్ము కుళ్ళదు.

వానలు పడ్డాక రెండింట్లోనూ లావుపాటి, గోధుమరంగు పురుగులు కనిపించి జనం హడలిపోతారు. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. కుట్టవు, రోగాలు తేవు, చెత్తని వేగంగా తింటాయి. డ్రమ్ములో ఉంటే ఉండనివ్వండి. వానపాముల తొట్టిలో మాత్రం అవి మేతంతా లాగేసుకుంటాయి. తొక్కల్ని మట్టి కింద కప్పెట్టి, తడి తగ్గిస్తే ఆ ఈగలు రావడం తగ్గుతుంది.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి కూడా, చల్లటి చోటు ఉన్నవాళ్ళకి నేను వానపాముల్నే చెబుతాను. ఎరువు చూస్తే కారణం తెలుస్తుంది. టీపొడిలా మెత్తగా, వానకి తడిసిన మట్టి వాసనతో ఉంటుంది. నారు పోసుకోవడానికి జల్లెడ పట్టక్కర్లేదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అమ్మే వర్మీకంపోస్టులో నత్రజని కనీసం 1 శాతం, భాస్వరం, పొటాష్ 0.8 శాతం చొప్పున ఉండాలి. పట్టణ చెత్తతో చేసే కంపోస్టుకి 0.8, 0.4, 0.4 చాలు. ఇంట్లో చేసినది వేసిన మేతని బట్టి మారుతుంది కానీ, టమాటా, వంగ నారు పెరిగే తీరులో తేడా నాకు స్పష్టంగా కనబడుతుంది. ఒక్క విషయం: ఇంటి స్థాయిలో రెండు పద్ధతులూ విత్తనాల్ని చంపవు, గుమ్మడి, టమాటా మొలకలు వస్తూనే ఉంటాయి.

బొకాషీ, అంటే గాలి చొరని డబ్బాలో చెత్తని పులియబెట్టే పద్ధతి, వండిన అన్నానికి మంచిదే, కానీ ఆ తర్వాత మళ్ళీ మట్టిలో పూడ్చాలి. కరెంటు యంత్రాలు చెత్తని ఎండబెట్టి పొడి చేస్తాయి, ఆ పొడి ఇంకా మాగాలి. పెరడున్నవాళ్ళకి గొయ్యి చాలు.

వానపాములే అనుకుంటే ఐసీనియాకి బదులు యూడ్రిలస్ యూజీనియే అడిగి తీసుకోండి. పశ్చిమ ఆఫ్రికా జాతి, 25 నుంచి 30 డిగ్రీల్లో చురుగ్గా ఉంటుంది. మన ప్రాంతపు పెరియోనిక్స్ దొరికినా మంచిదే. పొలంలో తవ్వితే వచ్చే ఎర్రలు లోతు మట్టిలో బతికేవి, తొట్టిలో నిలవవు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో ముందు అడిగి చూడండి. వేసవిలో కొనొద్దు; మృగశిర దాటి వానలు కుదురుకున్నాక అరకిలో తెచ్చుకుంటే, మళ్ళీ ఎండలు ముదిరేలోగా అవి పిల్లలు పెట్టి తొట్టి నిండుతాయి.