కటకాకార గెలాక్సీ వలయం: దండం చేసిందా, బయటి వాయువు చేసిందా? ఏ వివరణ మేలు?

కటకాకార గెలాక్సీలో నడుమ ఉబ్బు, దాని చుట్టూ సర్పిల బాహువులు లేని డిస్కు ఉంటాయి. కొత్త నక్షత్రాలను పుట్టించే చల్లని వాయువు అక్కడ చాలావరకు అడుగంటి ఉంటుంది. అలాంటి గెలాక్సీ అంచున లేత నక్షత్రాల వలయం ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు మూడు వివరణలున్నాయి: మరో గెలాక్సీ ఢీకొట్టడం, గెలాక్సీ నడుమ కడ్డీలా బారుతీరిన నక్షత్రాలు (వీటినే దండం అంటారు) వాయువును తోయడం, బయటి నుంచి వాయువు వచ్చి చేరడం.

వాటిలో ఢీకొట్టడాన్ని ముందే పక్కన పెట్టవచ్చు. కార్ట్‌వీల్ గెలాక్సీలో లాగా మరో గెలాక్సీ డిస్కును చీల్చుకుపోతే పుట్టే వలయం విస్తరిస్తూ చెదిరిపోతుంది కాబట్టి, నిలకడగా ఉండే వలయాలకు అది అతకదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యనే. ఎరిడానస్ నక్షత్ర మండలంలో సుమారు 3.3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎన్‌జీసీ 1291 గెలాక్సీ దండం పక్షాన బలమైన సాక్ష్యం. పరారుణ చిత్రాల్లో ముసలి నక్షత్రాల దండం, అతినీలలోహిత చిత్రాల్లో లేత నక్షత్రాల వలయం స్పష్టంగా కనిపిస్తాయి. కేంద్రం చుట్టూ తిరిగే వాయువు కాస్త దగ్గరకూ కాస్త దూరానికీ ఊగుతూ ఉంటుంది. దండం ఒక కొస దాటి రెండో కొస వచ్చేలోగా ఆ ఊగిసలాట సరిగ్గా ఒకసారి పూర్తయ్యే దూరంలో, అదను చూసి ఊపిన ఉయ్యాలలా తోపు ప్రతిసారీ కలిసివస్తుంది, వాయువు ఆ చుట్టుపక్కలే పోగవుతుంది. దీన్నే బాహ్య లిండ్‌బ్లాడ్ అనునాదం అంటారు.

దండమే కనిపించని వలయాల మాటేమిటి? 1950లో ఆర్థర్ హోగ్ గుర్తించిన గెలాక్సీ అలాంటిదే (దాని నడిమి భాగం మాత్రం కటకం కన్నా గోళానికే దగ్గర). ఒకప్పుడున్న దండం కరిగిపోయిందని అక్కడ వాదించవచ్చు. ఐసీ 2006 అనే మరో గెలాక్సీ దగ్గర ఆ వాదన సాగదు: దాని హైడ్రోజన్ వలయం నక్షత్రాలకు ఎదురు దిశలో తిరుగుతోంది. దండం వాయువును తోయగలదు గానీ దాని పరిభ్రమణాన్ని అలా తలకిందులు చేయలేదు. అది బయటి నుంచి వచ్చిన వాయువని చెప్పడమే సబబు.

కాబట్టి దండం ఉండి, వలయం నక్షత్రాల దిశలోనే తిరుగుతుంటే అనునాదం, లేకుంటే బయటి వాయువు మేలైన వివరణలని నా అభిప్రాయం. అయితే వాయువు ఎక్కడ పోగవ్వాలో మాత్రమే దండం నిర్ణయిస్తుంది. బయటి నుంచి వచ్చిన వాయువు కూడా దండం ప్రభావానికి లోబడి వలయంగా స్థిరపడవచ్చు. అలాంటి చోట వలయంలోని వాయువు వర్ణపటాన్ని చూడాలి. ఆక్సిజన్ వంటి బరువు మూలకాలు గెలాక్సీ డిస్కులో కన్నా అక్కడ బాగా తక్కువగా ఉంటే, ఆ వాయువు బయటిదనే అనుమానం బలపడుతుంది.