లేజర్‌తో పాటు క్రాస్ లింకింగ్: కొన్నేళ్లు గడిచాక నా కళ్ల సంగతి

కళ్లజోడు పోయిందా అంటే పోయింది. కానీ సైట్ తగ్గించే లేజర్, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాను గట్టిపరిచే క్రాస్ లింకింగ్ కలిసిన ఈ జంట చికిత్సకు మార్కులు వేయాల్సింది అక్కడ కాదు. ఏటా తీయించుకునే టోపోగ్రఫీ మ్యాపులో కార్నియా ఆకారం కదలకుండా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. నాది ఇప్పటిదాకా కదల్లేదు.

నాకు రెండు కళ్లకూ మైనస్ ఐదు దాకా సైట్ ఉండేది. కార్నియా మందం 490 మైక్రాన్లు. చాలామందికి 540 చుట్టుపక్కల ఉంటుంది. లేజర్ ఎంత గొప్పదైనా చేసేది కార్నియాను చెక్కడమే. ఒక్కో పాయింటుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు పోతాయి. అసలే పలచనిది ఇంకా పలచబడితే, లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బి చూపు చెదిరిపోయే ప్రమాదం ఉంది. దాన్నే ఎక్టేసియా అంటారు. అందుకే కార్నియా మీద మూతలా ఒక పొర (ఫ్లాప్) కోసే లాసిక్ వద్దని, పైపొర మాత్రం తీసి చేసే పీఆర్‌కే, ఆ వెంటనే క్రాస్ లింకింగ్ చేద్దామన్నారు డాక్టరు.

క్రాస్ లింకింగ్ చూపు కోసం కాదు, గట్టిదనం కోసం. రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్ చుక్కలు కార్నియాలోకి ఇంకనిచ్చి అతినీలలోహిత కాంతి వేస్తారు. దాంతో కార్నియాలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య కొత్త బంధాలు పడతాయి. 2003లో వెలువడిన డ్రెస్డెన్ (జర్మనీ నగరం) పద్ధతిలో ఒక్క కాంతికే అరగంట పట్టేది. లేజర్‌తో కలిపి ముందుజాగ్రత్తగా చేసేటప్పుడు కాంతి తీవ్రత పెంచి ఒకటి రెండు నిమిషాల్లో ముగిస్తున్నారు.

బల్ల మీద నొప్పేమీ లేదు. మత్తు చుక్కల ప్రభావం దిగాక మొదలైంది అసలు కథ. కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ఆగకుండా నీళ్లు, కిటికీ సందులోంచి వచ్చే వెలుతురు కూడా భరించలేనంత. పైపొర మానేదాకా కంటి మీద పెట్టే బ్యాండేజ్ లెన్స్ తీసేదాకా ఇంతే. ఆ తర్వాత వారాల తరబడి నల్ల తెర మీద తెల్ల అక్షరం చదివితే దాని కింద మసగ్గా ఇంకో అక్షరం కనిపించేది. లాసిక్ చేయించుకున్నవాళ్లు మర్నాడే బోర్డులు చదివేస్తున్నామంటుంటే ఒళ్లు మండేది. పైగా కార్నియాలో సన్నని మసక, అదే హేజ్. దానికోసం నెలల పాటు స్టిరాయిడ్ చుక్కలు, ఆ చుక్కల వల్ల కంటి ప్రెషర్ పెరుగుతోందేమోనని మళ్లీ పరీక్షలు.

ఇప్పుడు పగలు చూపు శుభ్రం. రాత్రి ఎదురొచ్చే హెడ్‌లైట్ల చుట్టూ పలచని వలయం మిగిలింది. కళ్లు పొడిబారుతుంటాయి కాబట్టి కన్నీటి చుక్కలు జేబులోనే ఉంటాయి. ఎడమ కంటికి అర పాయింటు మైనస్ ఉండిపోయింది. క్రాస్ లింకింగ్ తర్వాత కూడా కార్నియా కొంత చదునవుతుంటుంది, అందుకే పవర్ లెక్క లేజర్ ఒక్కటే చేసినప్పటంత కచ్చితంగా కుదరదు. నాకైతే ఈ బేరం నచ్చింది.

కార్నియా మందంగా, మ్యాపు సవ్యంగా ఉన్నవాళ్లకు కూడా "ఎందుకైనా మంచిది" అంటూ ఇది అంటగడితే మాత్రం గట్టిగా ప్రశ్నించండి. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2016లో క్రాస్ లింకింగ్‌కు అనుమతి ఇచ్చింది ముదురుతున్న కెరటోకోనస్‌కు (కార్నియా పలచబడి శంఖువులా ఉబ్బే జబ్బు), ఆపరేషన్ తర్వాత వచ్చే ఎక్టేసియాకు. లేజర్‌తో కలిపి ముందుజాగ్రత్తగా చేయడానికి కాదు. చేయించుకున్నా కళ్లు నులుముకోవడం మానాల్సిందే. ఆపరేషన్‌కు ముందు తీసిన మ్యాపుల కాపీలు అడిగి దాచుకోండి, రేపు డాక్టరు మారినా పోల్చి చూడటానికి అవే కావాలి.