పురానాపూల్: వ్యాన్‌లో అయిదు నిమిషాలు, కాలినడకన గంటన్నర

తలకు 1,150 చొప్పున ముగ్గురికి 3,450 రూపాయలు కట్టి హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు వాళ్ల హెరిటేజ్ టూర్ ఎక్కాం. లిస్టులో తొమ్మిది చోట్లు. నేను ఎక్కిందే మూసీ నది మీద ఉన్న పాత వంతెన పురానాపూల్ కోసం. తీరా అక్కడికొచ్చాక వ్యాన్‌ని కొత్త వంతెన మీద పక్కకు ఆపి, ట్రాఫిక్ అని దిగనివ్వలేదు. అద్దంలోంచే చూసుకోవాలట.

గైడ్ మైకు పట్టుకుని కథ ఎత్తుకున్నాడు. యువరాజు మహమ్మద్ కులీ, భాగమతిని కలవడానికి పొంగుతున్న మూసీలోకి గుర్రాన్ని దూకించాడట. కొడుకు ఏమైపోతాడోనని గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఈ వంతెన కట్టించాడట.

"ఏ సంవత్సరంలో కట్టారు బాబూ?" అంది అమ్మ.

"1578 అమ్మా."

"మరి ఆ పిల్లాడు పుట్టిందెప్పుడు?"

ఆయన చార్మినార్ గురించి మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో చూసి 1565 ప్రాంతమని చెప్పాను. "పదమూడేళ్లా! మూతిమీద మీసం రాలేదు, వాడికి ప్రేమేంట్రా?" వెనక సీటంతా నవ్వింది. ఆ తర్వాత గైడ్ మా వైపు చూడనే లేదు. మిగతా చోట్లు బానే చూపించారు.

మర్నాడు పొద్దున్నే నాంపల్లి లాడ్జి నుంచి ఆటోలో మేమే వెళ్లాం. రెండొందలు అడిగి, 120కి వచ్చాడు. వంతెన ఎక్కాక చాలాసేపు అది వంతెనని తెలియదు. రెండు పక్కలా కూరగాయల గుట్టలు, తడి గోనెసంచులు, కాళ్ల కింద నలిగిన కొత్తిమీర. మూసీ కంపుకి మా ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఇదా నీ చరిత్ర?" అంది. కమానులు చూడాలంటే మాత్రం కొత్త వంతెన మీదికి నడవాల్సిందే. మొత్తం 22 అంటారు. పొదలు అడ్డొచ్చి నాకు 19 లెక్క తేలాయి.

ప్రేమకథ తీసేసినా ఈ వంతెనకి తక్కువేం కాదు. గోల్కొండ నుంచి నది దాటడానికి కట్టారు. హైదరాబాద్ పుట్టింది 1591లో, అంటే ఊరికంటే వంతెనే 13 ఏళ్లు పెద్దది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దీన్ని పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనతో పోల్చాడు. 1908 సెప్టెంబరు వరదలో మూసీ మీద మిగతా వంతెనలు కొట్టుకుపోతే ఇది దెబ్బలు తిని కూడా నిలబడింది. గైడ్ ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు.

వెళ్తే పొద్దున ఏడులోపే వెళ్లండి, పాత చెప్పులేసుకుని. టూర్ వాళ్లకి ఫిర్యాదు చేస్తే ఈసారి పది శాతం తగ్గిస్తామన్నారు. మేం తిరిగొచ్చేసరికి అమ్మ చేతిలో నాలుగు గోంగూర కట్టలు, నలభై రూపాయలు. వద్దన్నా వినలేదు. లాడ్జి మంచం మీద పేపరు పరిచి, రైలు టైమయ్యేదాకా ఆకు తుంచుతూనే ఉంది. మా ఆవిడ కూడా ఒక కట్ట తీసుకుని పక్కన కూర్చుంది.