పెళ్లి మండపానికి బంతీ చామంతులా, జెర్బెరా ఆర్కిడ్‌లా?

డెకరేషన్ వాళ్లు ఫోన్‌లో చూపించే ఫొటోలన్నీ ముచ్చటగానే ఉంటాయి. పూలు పెట్టిన గంటలోపు తీసినవి మరి! మన ముహూర్తాలేమో రాత్రి పదిన్నరకో, తెల్లవారుజామున మూడింటికో పడతాయి. సాయంత్రం ఎదురుకోళ్ల వేళకు మండపం సిద్ధం కావాలంటే మధ్యాహ్నమే పని మొదలవ్వాలి. అంటే ఆ పూలు తలంబ్రాల దాకా 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు వాడకుండా నిలవాలి. అందుకే ఏ పూలు మేలని ఎవరైనా అడిగితే, ముహూర్తం ఎన్నింటికని నేను తిరిగి అడుగుతాను.

బంతి, చామంతి, లిల్లీ మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే విడిపూలు. దారానికి గుచ్చేశాక వీటికి నీళ్ల అవసరం ఉండదు. బంతి దండ రోజంతా కళ తప్పదు, చామంతి మర్నాడు కూడా ఆగుతుంది. హోమం సెగ తగిలే చోటైనా, ఆరుబయట పందిరైనా, కరెంటు పోయి ఏసీ ఆగిన హాలైనా వీటికి సాటి లేదు. పైగా దండలో నాలుగు పూలు వాడినా ఎవరికీ కనపడవు. అదే బంచ్‌లో ఒక్క జెర్బెరా తల వేలాడేసిందా, అందరి కళ్లూ దానిమీదే.

అలాగని ప్రతి బంతీ మంచి బంతి కాదు. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లోనో, గోదావరి ప్రాంతంలో అయితే కడియపులంకలోనో పొద్దున్నే కొనేటప్పుడు పైపూలు చూసి బేరం ముగించకండి. సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే కుక్కి నింపిన పూలు ఉడుకెత్తాయన్నమాట. సాయంత్రానికి రేకుల మొదళ్లు గోధుమరంగుకు తిరిగి, తాకితే రాలిపోతాయి. తూకం కోసం బాగా తడిపిన పూలదీ అదే గతి. తొడిమ ఆకుపచ్చగా, గట్టిగా ఉండి, వేలితో నొక్కి వదిలితే మళ్లీ పైకి లేచే పువ్వు తీసుకోండి.

విడిపూలతో అసలు టెన్షన్ రేటుదే. ధర పలకక రైతు రోడ్డు పక్కన పారబోసే బంతే, దసరా దీపావళికి కిలో 100 దాటుతుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అటూ ఇటూ ముహూర్తం పెట్టుకున్నవాళ్లకు చామంతి ధర వింటే గుండె గుభేలుమంటుంది. చామంతి పగటిపొద్దు తగ్గితేనే మొగ్గ తొడిగే మొక్క. కార్తీకం నుంచి మాఘం దాకా పుష్కలంగా దొరుకుతుంది, వేసవి పెళ్లికి కావాలంటే మాత్రం చేతి చమురు వదులుతుంది. ఇక బంతి అంటే పాతకాలం అని పెదవి విరిచే పిల్లలకు చెప్పేదేముంది, హల్దీ ఫంక్షన్ అనగానే వాళ్లే అడిగి మరీ బంతి పెట్టించుకుంటున్నారు.

కాడతో బంచ్‌లుగా వచ్చే పూల దారి వేరు. జెర్బెరా చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలోనే పండుతోంది. కార్నేషన్‌కు చల్లని రాత్రులు కావాలి కాబట్టి ఊటీ, హోసూరు లాంటి చోట్ల నుంచి రావాలి. ఊదారంగు డెండ్రోబియం ఆర్కిడ్‌లలో థాయ్‌లాండ్ నుంచి దిగేవే ఎక్కువ. మూడింట్లో ఆర్కిడ్ మొండిది, రాత్రంతా చెక్కు చెదరదు, ధర కూడా అలాగే ఉంటుంది. జెర్బెరా కాడ లోపల బోలుగా ఉంటుంది, నీళ్లందకపోతే మెడ దగ్గర వంగిపోతుంది. అందుకే దాన్ని తడి ఫోమ్‌లో, అంటే నీళ్లు పీల్చుకునే స్పాంజి లాంటి దిమ్మలో గుచ్చుతారు. గుచ్చే ముందు ఆ ఫోమ్ దిమ్మను నీళ్లమీద వదిలేసి, తనంతట తాను మునిగేదాకా ఆగాలి. తొందరలో కుర్రాళ్లు చేత్తో అదిమేస్తారు. పైన తడిగానే కనిపిస్తుంది కానీ నడిమధ్య గాలి చిక్కుకుని పొడిగా ఉండిపోతుంది. అక్కడ గుచ్చిన పూలు జీలకర్ర బెల్లం వేళకు నేల చూస్తుంటాయి. పని జరిగేటప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు దగ్గరుండి చూడాల్సింది దీన్నే. ఆ ఫోమ్ కూడా ఒక రకం ప్లాస్టిక్, పొడిపొడి అవుతుందే తప్ప మట్టిలో కలవదు. దారం లాగేస్తే బంతి దండలు మర్నాడు నేరుగా ఎరువుకుప్పలోకి పోతాయి.

కార్నేషన్‌తో ఇంకో చిక్కుంది. ముగ్గిన పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దానికి పడదు, రేకులు లోపలికి ముడుచుకుపోతాయి. మండపం స్తంభాలకు కట్టే అరటి గెలలు పచ్చివైతే ఫర్వాలేదు. పూల డబ్బాలను తీసుకెళ్లి స్టోర్ రూమ్‌లో ముగ్గిన అరటిపండ్ల తట్టల పక్కన పెడితేనే వస్తుంది చేటు.

వాసన విషయంలో పోటీయే లేదు. జెర్బెరాకూ, ఆ ఆర్కిడ్‌కూ చెప్పుకోదగ్గ వాసన ఉండదు. వేసవిలో మల్లెలు, మిగతా నెలల్లో ఒంటిరేకు లిల్లీ దండలు నాలుగు కట్టిస్తే చాలు, మెట్లెక్కుతుండగానే పెళ్లింటి వాసన తగులుతుంది.

నన్నడిగితే మండపానికి విడిపూలూ మామిడాకులే. బంతి ధర మండిపోతున్న వారమైతే పూలు సగానికి తగ్గించి, కొబ్బరాకు అల్లికలు పెంచండి, మండపం వెలితిగా కనిపించదు. రిసెప్షన్‌కు మాత్రం కాడపూలకే నా ఓటు. ఏసీ హాలు, మూడు గంటల తంతు, అంతా కెమెరా ముందే. లేత గులాబీ, పీచ్ లాంటి రంగులు బంతిలో ఎక్కడ దొరుకుతాయి? అవైనా వధూవరుల వెనక ఉన్న ఆ పది అడుగుల మేర పెట్టిస్తే సరిపోతుంది. సీలింగ్ ఎత్తున వేలాడేవి ప్లాస్టిక్ పూలైనా నేనేమీ అనను, కంటి ఎత్తులో మాత్రం వద్దు. థర్మకోల్ సెట్టింగ్ అంటారేమో, అలంకరణకు దాన్ని వాడటం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం.

అడ్వాన్స్ ఇచ్చేముందు ప్యాకేజీ కాగితం మీద "తాజా పూలతో స్టేజీ" అన్న ఒక్క ముక్కతో ఊరుకోకండి. బంతి ఎన్ని కిలోలు, జెర్బెరా ఎన్ని బంచ్‌లు, ప్లాస్టిక్ ఎక్కడెక్కడ అన్నది రాయించండి. ముహూర్తాలు ఎక్కువున్న రోజుల్లో పొద్దుటి పెళ్లి పూలనే సాయంత్రం ఇంకో హాలుకు తిప్పేవాళ్లుంటారు, పూల సంచులు మీ హాల్లోనే విప్పాలని కూడా అందులో చేర్చండి.