25 మైక్రాన్ల మెటలోసిన్ మల్చింగ్ షీట్: టమాటాకు ఒక పంట వాడాక

మదనపల్లె దగ్గర మా టమాటా తోట. కలుపు రాకుండా బోదె మీద పరిచే మల్చింగ్ షీట్ పోయినసారి 30 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తెచ్చాం, మందం ఎక్కువ కదా అని ధైర్యం. పరిచేటప్పుడే రాయి తగిలిన ప్రతి చోటా చిరిగింది, మొక్క కోసం పెట్టిన రంధ్రం దగ్గర చీలిక మొదలై బోదె పొడవునా పోయింది. ఈసారి రోల్ తయారు చేసేవాళ్లకే ఫోన్ చేసి అడిగి, మెటలోసిన్ అనే ఉత్ప్రేరకంతో చేసిన ఎల్‌ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిథిన్) కలిపిన 25 మైక్రాన్లది తెప్పించా. నాలుగడుగుల వెడల్పు, 400 మీటర్లు. పట్టుకుంటే పలచన. మా నాయన చూసి "ఇదేం నిలుస్తుందిరా" అన్నాడు. నిలిచింది.

కెమిస్ట్రీ చదివినవాణ్ణి, కారణం చెప్పాల్సిందే. పాలిథిన్ అంటే పొడవాటి గొలుసులు. 1953లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన టైటానియం ఉత్ప్రేరకంతో తక్కువ ఒత్తిడిలోనే వాటిని తయారు చేయడం మొదలైంది, కానీ అందులో గొలుసు పెరిగే చోట్లు అన్నీ ఒకేలా ఉండవు. అందుకని కొన్ని గొలుసులు పొట్టి, కొన్ని మరీ పొడుగు, పక్కకొమ్మలేమో ఎక్కువగా పొట్టివాటికే వస్తాయి. 1980 ప్రాంతంలో హాంబర్గ్‌లో వాల్టర్ కామిన్‌స్కీ బృందం దారి చూపిన జిర్కోనియం మెటలోసిన్ ఉత్ప్రేరకంలో పనిచేసే చోట్లన్నీ ఒకటే రకం. గొలుసుల పొడవుల్లో తేడా బాగా తగ్గుతుంది, కొమ్మలు పొడుగు గొలుసుల మీద కూడా సమంగా పడతాయి. ప్లాస్టిక్‌లో గొలుసులు అక్కడక్కడ వరుసగా పేర్చుకుని చిన్న చిన్న స్ఫటికాలవుతాయి. కొమ్మ ఉన్నచోట గొలుసు స్ఫటికంలో ఇమడదు, బయటికొచ్చి పక్క స్ఫటికంలోకి దూరుతుంది. అలా రెండు స్ఫటికాలను కలిపి కట్టే తాళ్లు పెరుగుతాయి. రాయి పొడిచినప్పుడు షీట్ చిరగకుండా సాగింది వాటి వల్లే.

లోపాలూ ఉన్నాయి. కిలో ధర ఎక్కువ, ప్లాస్టిక్ ఆరో వంతు తక్కువ పడుతుంది కాబట్టి కొంత సర్దుకుంది. తుంగ దీన్ని కూడా పొడుచుకుని వచ్చింది, ఆ విషయంలో ఏ షీటూ కాపాడదు. ఎండకు పెళుసెక్కకుండా చూసేది యూవీ మందు, మెటలోసిన్ కాదు, దాన్ని విడిగా అడిగి తీసుకోండి. అంగట్లో అడిగితే మైక్రాన్లు, ధర తప్ప ఇంకేమీ చెప్పరు, మైక్రాన్లు చూసి మాత్రం కొనకండి.

నాకు అన్నిటికంటే నచ్చింది పంట అయ్యాక తీయడం. పోయినసారి ముక్కలు ముక్కలై సగం మట్టిలోనే ఉండిపోయింది, ఇప్పటికీ దున్నినప్పుడల్లా నాగలికి చుట్టుకుంటోంది. ఈసారి ఇద్దరం చెరో పక్క పట్టి లాగితే బోదె మొత్తం ఒకే పట్టాగా లేచి వచ్చింది.