ఇంట్లోనా, హాస్పీస్‌లోనా: తీవ్ర వ్యాధితో ఉన్న పెద్దలకు ఏది మేలు?

నయం కాని జబ్బుతో మంచాన పడిన పెద్దవారిని ఇంట్లోనే చూసుకోవాలా, హాస్పీస్‌లో (నయం కాని జబ్బుతో ఉన్నవారికి నొప్పి, బాధ తగ్గిస్తూ చూసుకునే కేంద్రంలో) చేర్చాలా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు కుటుంబాలు ముందుగా జబ్బు తీవ్రతను చూస్తాయి. అంతకంటే ముందు చూడవలసింది, అర్ధరాత్రి నొప్పి ఎక్కువైతే లేచేది ఎవరు, వారి దగ్గర ఏ మందు ఉంటుంది అన్నది.

ఇంట్లో పెద్దవారు తమ మంచం మీద, తమ వేళలకు, తమవారి మాటలు వింటూ ఉండగలరు. చాలామంది కోరుకునేదీ అదే. అయితే తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ అనే మందులో వెంటనే పనిచేసే రకాన్ని సాధారణంగా 4 గంటలకొకసారి ఇవ్వాలి, దానివల్ల వచ్చే మలబద్ధకానికి మొదటినుంచే మందు వాడాలి, కదలలేనివారిని తరచూ పక్కకు తిప్పుతూ ఉండకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఈ పనంతా ఒక్కరి మీదే పడితే, అందులోనూ వారు వయసు మీరిన భార్యో భర్తో అయితే, చూసుకునే మనిషే మంచాన పడే ప్రమాదం ఉంది.

హాస్పీస్‌లో నర్సులు రాత్రింబవళ్లూ ఉంటారు కనుక అదుపు తప్పిన నొప్పికి, ఆయాసానికి మందు మోతాదును త్వరగా సవరించగలరు. కాని చోటు మారితే, ముఖ్యంగా డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) ఉన్నవారిలో, అయోమయం పెరగవచ్చు.

ఈ రెండింటినీ తూచడానికి, రోగితోనూ కుటుంబంతోనూ మాట్లాడి వారి ఇబ్బందులు తెలుసుకునే సోషల్ వర్కర్ కావాలి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ నర్సుగా, ఆసుపత్రి సోషల్ వర్కర్‌గా పనిచేసిన తరువాతే డాక్టరయ్యారు. ఒంటి నొప్పిని మనసు, కుటుంబం, విశ్వాసాలకు సంబంధించిన బాధల నుంచి విడదీసి చూడరాదని ఆమె బోధించారు. పిల్లల ముందు "నాకేం ఫర్వాలేదు" అనే తల్లి, "మీకు దేనికి ఎక్కువ భయంగా ఉందమ్మా?" అని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే వేరే జవాబు చెప్పవచ్చు. చూసుకునేవారితోనూ ఇలాగే విడిగా మాట్లాడాలి.

చూసుకోవడానికి కనీసం ఇద్దరు, రాత్రి ఫోన్ చేసినా పలికే నర్సు, నొప్పి పెరిగితే వేయడానికి డాక్టరు ముందే రాసిచ్చిన అదనపు మోతాదు ఉంటే నేను ఇంటినే ఎంచుకుంటాను. ఇవి సమకూరనప్పుడు మాత్రం ఇంటి మీది మమకారంతో పెద్దవారిని నొప్పికి వదిలేయడం అన్యాయం. అప్పుడు హాస్పీస్‌లో చేర్చడం వారిని వదిలించుకోవడం కానే కాదు. నొప్పి అదుపులోకి వచ్చేవరకో, చూసుకునేవారు తేరుకునేవరకో అక్కడ ఉంచి, తిరిగి ఇంటికి తెచ్చుకునే వీలు ఉందేమో చేర్చేటప్పుడే అడగాలి.