గాజు మిక్సింగ్ బౌల్స్: ఏడేళ్లు వాడాక

గాజు గిన్నెలు కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: పగిలిపోవా అని. పగులుతాయి. కానీ ఏడేళ్లుగా రోజూ వాడుతున్నాక చెప్తున్నాను, పగలడం కంటే బరువే ఎక్కువ విసిగిస్తుంది. బాగా కలిసొచ్చింది మాత్రం, లోపల ఏం జరుగుతోందో మూత తియ్యకుండానే కనబడటం.

మా ఇంట్లో ఉన్నది బోరోసిలికేట్ (వేడిని బాగా తట్టుకునే రకం గాజు) గిన్నెలు మూడున్న సెట్టు, ప్లాస్టిక్ మూతలతో. అర లీటరుది, లీటరుకి కాస్త తక్కువది, లీటరున్నరది. తర్వాత రెండున్నర లీటర్లది విడిగా కొన్నాం. మేముండేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటులో, వాడేది బోరు నీళ్లు. ఆ నీళ్ల సంగతి కింద వస్తుంది. వంట మామూలు తెలుగు వంటే. కేకులు పిల్లల పుట్టినరోజులకి మాత్రం.

ముందు దోశపిండి. రుబ్బిన పిండిని పెద్ద గిన్నెలో సగం వరకే పోసి, పిండి ఎక్కడిదాకా ఉందో అక్కడ గిన్నె చుట్టూ బయట ఒక రబ్బరు బ్యాండు వేస్తాను. తెల్లారేసరికి పిండి దాన్ని దాటి ఎంత పైకొచ్చిందో చూడగానే తెలుస్తుంది. గాజుకి ఆనుకుని బుడగలు కూడా కనబడతాయి, అడుగున ఆవగింజంత, పైకొచ్చేకొద్దీ శనగగింజంత. బుడగలు లేకుండా నున్నగా ఉంటే ఇంకో రెండు గంటలు ఆగుతాను. స్టీలు గిన్నెలో అయితే మూత తీసి గరిటె పెట్టి చూడాలి, ఆ కలపడంలో పొంగు కాస్తా దిగిపోతుంది. మే నెలలో ఐదారు గంటలకే పులిసిపోయే పిండి జనవరిలో రాత్రంతా ఉంచినా కదలదు. అలాంటప్పుడు లోపలి లైటు వేసిన ఓవెన్‌లో గిన్నె పెడతాను, ఆ వెచ్చదనం చాలు. వేసవిలో మాత్రం సగానికి మించి పోస్తే పొద్దున గట్టంతా పిండే.

శనగలు, రాజ్మా నానబెట్టడానికీ అంతే సుఖం. నీళ్లు పీల్చేసుకుని గింజలు పైకి తేలితే దూరం నుంచే తెలుస్తుంది, ఇంకో గ్లాసు పోస్తే సరి.

పెరుగు విషయంలో గొప్పగా చెప్పలేను. తోడుకోవడం చక్కగానే తోడుకుంటుంది, కానీ మట్టి పాత్రలో వచ్చే గట్టితనం రాదు. మట్టి నీటిని పీల్చుకుంటుంది, గాజు చుక్క కూడా పీల్చదు. ఆ పీల్చకపోవడమే మరోచోట లాభం. అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా చికెన్ నానబెట్టిన గిన్నెని సబ్బుతో కడిగేస్తే మర్నాడు అందులో పాయసం పోసినా ఏ వాసనా రాదు. మా అత్తగారు ఒప్పుకోలేదనుకోండి. "వాసన రాకపోతే మాత్రం, నీసు గిన్నెలో పాయసమా?" అన్నారు. ఇప్పుడు లీటరు గిన్నె నీసుకి, లీటరున్నరది మిగతా వాటికి. ఇంట్లో శాంతి ముఖ్యం.

పులుపు, ఉప్పు ఉన్నవాటికైతే గాజుని మించింది లేదు. నిమ్మకాయ ముక్కలు ఉప్పులో ఊరేటప్పుడు స్టీలు గిన్నెలో ఉంచితే కొన్నాళ్లకి అడుగున సూదిమొనంత గుంటలు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలుని తుప్పు నుంచి కాపాడే పైపొరని ఉప్పు అక్కడక్కడా తినేస్తుంది కాబట్టి అలా అవుతుంది. గాజుకి ఆ బెడద లేదు, పసుపు మరక కూడా అంటదు. అందుకే పచ్చళ్లకి మన పెద్దవాళ్లు జాడీలు వాడారు. ఏడాది ఆవకాయ మొత్తం కలపాలంటే మాత్రం రెండున్నర లీటర్ల గిన్నె ఏ మూలకీ సరిపోదు. దానికి పెద్ద బేసినే కావాలి, ఊరడానికి జాడీనే కావాలి. ఫ్రిజ్‌లో పెట్టుకుని తినే కొద్దిపాటి మాగాయకో, దోసావకాయకో గాజు గిన్నె బాగుంటుంది.

ఇక కలిపే పనులకొద్దాం. పేరు మిక్సింగ్ బౌల్ అయినా, మా ఇంట్లో ఇవి కలపడానికి పనికొచ్చింది తక్కువ, కదలకుండా ఉండే పనులకే బాగా కుదిరాయి. చపాతీ పిండి కలుపుదామంటే గ్రానైటు గట్టు మీద గిన్నె జారుతుంది, ఒక చేత్తో పట్టుకోవాలి, పట్టుకుంటే పిండి చేతులకి అది ఇంకా జారుతుంది. కింద తడిగుడ్డ మడత వేస్తే కదలదు గానీ, రోజూ రెండు పూటలా ఆ తతంగం ఎవరు పడతారు? పిండి నేను స్టీలు పళ్లెంలోనే కలుపుతాను. పులిహోర కూడా ఇందులో వద్దు. అన్నం వెడల్పుగా ఆరబోస్తేనే పొడిపొడిగా ఉంటుంది. లోతు గిన్నెలో ఆవిరి పోయే దారి లేక అన్నం ముద్దవుతుంది. కోడిగుడ్లు, కేకు పిండి గిలకొట్టడానికైతే బాగానే ఉంటుంది. అడుగున పొడి పిండి మిగిలిందేమో బయటినుంచే కనబడుతుంది. కాకపోతే ఎలక్ట్రిక్ బీటర్ కడ్డీలు గాజుకి తగిలి చేసే చప్పుడికి పళ్లు పులుస్తాయి.

బరువు సంగతి. పెద్ద గిన్నె ఖాళీగానే కిలో దాటుతుంది. పిండి నింపితే మూడు కిలోలు పైమాటే. పట్టుకోవడానికి చెవులు ఉండవు, సబ్బు చేతులతో ఎత్తాలంటే గుండె దడ. మా పనావిడ వీటిని కడగనని మొదటివారమే చెప్పేసింది, "పగిలితే నన్నంటారమ్మా" అంది. ఆమె మాటా నిజమే. అప్పటినుంచి గాజువి మేమే కడుక్కుంటున్నాం. కొనేముందు ఇది కూడా లెక్కలో వేసుకోండి. కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వంట చేసే ఇంట్లో లీటరున్నర దాటింది కొనొద్దు.

వేడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, పగలడాల్లో చాలావరకు ఇక్కడే. మామూలు సోడా లైమ్ గాజు వేడికి ఎంత వ్యాకోచిస్తుందో బోరోసిలికేట్ దాంట్లో మూడోవంతుకి కాస్త ఎక్కువ, అంతే. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఒట్టో షాట్ అనే రసాయనవేత్త ఈ రకం గాజు తయారుచేశాడు. అమెరికాలో రైల్వే సిగ్నల్ లాంతర్ల గాజు, లోపల దీపం వేడి, బయట వాన, మంచు తగిలి పగిలిపోతుంటే కార్నింగ్ కంపెనీ వాటికి ఇలాంటి గాజు వాడింది. అక్కడినుంచి వంటింటికొచ్చినవే 1915 నాటి పైరెక్స్ గాజు పాత్రలు. ఆ లాంతరుకొచ్చిన కష్టమే మన గట్టు మీదా వస్తుంది. ఓవెన్‌లోంచి తీసిన గిన్నెని తడి గ్రానైటు మీద పెడితే అడుగు ఒక్కసారిగా చల్లబడుతుంది, గోడలు వేడిగానే ఉంటాయి. బోరోసిలికేట్ కొంత తట్టుకుంటుంది, అలాగని ఎంతకైనా తట్టుకోదు. నేను ఎప్పుడూ మడతపెట్టిన పొడిగుడ్డ మీదే దింపుతాను. ఫ్రీజర్‌లోంచి తీసింది తిన్నగా మైక్రోవేవ్‌లో పెట్టను. తాలింపు నూనె గిన్నె గోడకి తగలకుండా పచ్చడి మధ్యలో పోస్తాను. స్టవ్ మీద అసలు పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.

మైక్రోవేవ్‌లో కూర కాగితే గిన్నె కూడా కాగుతుంది. పట్టకారుతో పట్టుకోవద్దు, జారుతుంది, అంచు కూడా పెచ్చు లేస్తుంది. పొడి మసిగుడ్డతో రెండు చేతులా ఎత్తాలి.

మార్కెట్లో అచ్చం ఇలాగే కనబడే టెంపర్డ్ గాజు గిన్నెలు తక్కువ ధరకి వస్తున్నాయి. అవి దెబ్బలకి గట్టివే. కాకపోతే పగిలే తీరు వేరు. మా చెల్లెలింట్లో అలాంటి గిన్నె ఒకటి, ఎవరూ ముట్టుకోకుండానే, రాత్రిపూట స్టాండులో ఢామ్మని పేలి ముక్కముక్కలైంది. ఆ గాజుని తయారుచేసేటప్పుడే పైపొరని నొక్కిపెట్టి లోపలి పొరని లాగిపెట్టినట్టు చేస్తారు. ఎప్పుడో పడ్డ గీత లోపలిదాకా పాకిందంటే మొత్తం ఒకేసారి విడిపోతుంది. బోరోసిలికేట్ పగిలితే పెద్ద పెంకులవుతుంది, కోస్తాయి గానీ ఏరుకోవచ్చు. ఏదైనా సరే స్టీలు పీచు తగలనివ్వకండి. పగిలినచోట పెంకులు ఏరాక తడి న్యూస్‌పేపరుతో తుడిచి, తర్వాత గోధుమపిండి ముద్ద నేలకి అద్దుతూ పోతే కంటికి కనబడని నలుసులు కూడా వచ్చేస్తాయి. పక్కన మూత లేకుండా ఉన్న తిండి ఏదున్నా పారబోయాల్సిందే.

ఇప్పుడు బోరు నీళ్లు. కడిగి బోర్లించి ఆరనిస్తే తెల్లటి చారలు, చుక్కలు. కొన్నాళ్లకి గాజు మసకబారినట్టవుతుంది. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి కాసేపు ఉంచి రుద్దితే పోతుంది, నిమ్మచెక్కతో కూడా పోతుంది. కడిగిన వెంటనే తుడిస్తే అసలు రావు. తడి ఆరకుండా ఒకదాంట్లో ఒకటి పేర్చితే రెండూ అతుక్కుపోతాయి. గుంజకండి. పై గిన్నెలో చల్లనీళ్లు పోసి, కింది గిన్నెని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే అవే విడతాయి.

స్టీలుతో పోలిస్తే ఇంకో చిన్న నష్టం: పేరు చెక్కించలేం. పక్క ఫ్లాటుకి కూర పంపిన స్టీలు గిన్నె మీద మన పేరుంటుంది కాబట్టి ఎప్పటికైనా తిరిగొస్తుంది. నా అర లీటరు గిన్నె ఏ ఫ్లాటులో ఉందో ఈ రోజుకీ తెలీదు. పాతబడ్డాక వేసి కొత్తది మార్చుకుందామన్నా గాజుని ఎవరూ తీసుకోరు.

మూతల దగ్గర నాకు నిజంగా కోపం. గిన్నెకి అంటని పసుపు మూతకి అంటింది. గిన్నెకి పట్టని వెల్లుల్లి వాసన మూతకి పట్టింది. రెండేళ్లకే అంచులు సాగి, మూత ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేస్తోంది. విడిగా మూతలు కావాలని ఆ కంపెనీకి రాస్తే, మూతలు విడిగా అమ్మం అన్నారు, కొత్త సెట్టు కొనమన్నారు. అందుకని కొనేముందు మూతలు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. షాపులో కొంటే అంచు చుట్టూ వేలు నెమ్మదిగా తిప్పి చూడండి, గరుకు తగిలితే వేరేది ఇమ్మనండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పుతూ వీడియో తీయండి. మూడు సైజుల సెట్టు కంటే లీటరున్నరవి రెండు తీసుకోవడం మేలు. ఆ సైజుకి మా ఇంట్లో ఉన్న మామూలు స్టీలు పళ్లెం మూతగా సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు నేను వాడుతున్నదీ అదే.